నార్డిక్ హోటల్లో డిన్నర్‌కి పోతుండారా? బుకింగ్ నుంచి బిల్లు దాకా మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళ కోసం

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ఈ పక్కల నుంచి స్వీడన్, డెన్మార్క్, నార్వే పోయేవాళ్ళు మనకి తెలిసినోళ్ళలోనే ఎవరో ఒకరు ఉంటారు ఇప్పుడు, కొందరు పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉండి రావడానికి, కొందరు చదువులకి, రొయ్యల చెరువులు, హ్యాచరీలు, ఫీడు వ్యాపారం చేసేవాళ్ళయితే నార్వేలో ట్రాండ్‌హైమ్ ఊళ్ళో రెండేళ్ళకోసారి ఆగస్టులో జరిగే ఆక్వా నార్ ఎగ్జిబిషన్‌కి. పోయినోళ్ళు ఏదో ఒక రోజు మంచి హోటల్లో డిన్నర్‌కి కూర్చుంటారు, పిల్లలు ముచ్చటపడి బుక్ చేస్తారు లేదంటే కంపెనీ వాళ్ళు పిలుస్తారు, అక్కడ పెట్టేది మోడర్న్ నార్డిక్ అంటుండారే, అంటే ఈ ఉత్తర యూరప్ దేశాల కొత్త తరహా వంట. నాకు ఆ వంటంటే చాలా ఇష్టం, అంత కష్టపడి వండిన భోజనాన్ని మనోళ్ళు సగం ఆకలితో సగం భయంతో తినేసి రూముకొచ్చి మ్యాగీ చేసుకుంటే బాధగా ఉంటది, అందుకే ఇది రాస్తుండా. ముఖ్యమైన మాట ముందే చెప్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతది: మీరు ఏం తినరో బుక్ చేసే రోజే రాసి పంపండి. ముందే తెలిస్తే కిచెన్ వాళ్ళు మీ కోసం వేరే వంటకం ఆలోచించి వండుతారు, కూర్చున్నాక చెప్తే ఉన్న ప్లేటులోంచి ఆ ముక్క తీసేసి ఇస్తారు, డబ్బులు మాత్రం రెండింటికీ ఒకటే.

ముందు ఈ వంట సంగతి కొంచెం తెలుసుకుంటే ప్లేటు చూసి కంగారు ఉండదు. 2000 ప్రాంతం దాకా కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్‌లో గొప్ప భోజనం అంటే ఎక్కువగా ఫ్రెంచ్ వంటే, ఆలివ్ నూనె, టమాటాలు ఇట్టాంటివన్నీ కింది దేశాల నుంచి తెప్పించుకోవడమే. 2003లో క్లాస్ మేయర్, రెనె రెడ్జెపి కలిసి కోపెన్‌హాగన్‌లో నోమా అనే రెస్టారెంట్ తెరిచారు, రెడ్జెపి అప్పటికి పాతికేళ్ళ కుర్రోడు. 2004లో మేయర్ పూనుకుని ఆ దేశాల చెఫ్‌లని కూర్చోబెడితే 12 మంది కలిసి ఒక మేనిఫెస్టో మీద సంతకాలు పెట్టారు, మన నేల మన సముద్రం ఏ కాలంలో ఏం ఇస్తే అది వండాలి, రుచి శుభ్రంగా ఉండాలి, పాత పద్ధతుల్ని కొత్తగా వాడాలి, జంతువుల్ని బాగా చూసుకోవాలి, ఇట్టాంటి మాటలు అందులో. 2010లో నోమా ప్రపంచంలో మంచి రెస్టారెంట్లని ఎంచే వరల్డ్స్ 50 బెస్ట్ లిస్టులో ఫస్ట్ వచ్చింది, ఇక ఆ పక్కన చాలా హోటళ్ళు ఈ దారే పట్టాయి.

దీనివల్ల మన నాలుకకి తెలిసే పెద్ద తేడా పులుపులో. పొదలకూరు పక్కన నిమ్మతోటల్లో తిరిగినోళ్ళకి వింతగా ఉంటది, ఈ వంటలో నిమ్మకాయ పెద్దగా కనపడదు, అక్కడ కాయదు కాబట్టి. చింతపండు సంగతి చెప్పనే అక్కర్లేదు. పులుపంతా లింగన్‌బెర్రీ, సీ బక్‌థార్న్ అనే పుల్లటి చిన్న పండ్లు, రూబార్బ్ అనే మొక్క కాడలు, పచ్చి యాపిల్, వెనిగర్ నుంచే రావాలి. 2012లో లండన్ క్లారిడ్జెస్ హోటల్లో నోమా వాళ్ళు కొన్ని రోజులు వండినప్పుడు క్యాబేజీ ఆకు మీద బతికున్న చీమలు పెట్టి ఇచ్చారు, పేపర్లన్నీ రాశాయి, అది కూడా ఆ చీమలో ఉండే పులుపు కోసమే. మీరు పోయే హోటల్లో చీమలు పెడతారని కాదు, అయినా శాకాహారులు మెయిల్లో పురుగులు కూడా వద్దని ఒక ముక్క రాస్తే పోయేదేం లేదు.

రెండో తేడా నిల్వ. చలికాలం పొడుగు, నేల గడ్డకట్టి ఏమీ పండదు, అందుకని దొరికినప్పుడే పొగబెట్టి, ఉప్పేసి, ఆరబెట్టి, వెనిగర్‌లో ఊరేసి దాచుకోవడం వాళ్ళ వంటకి వెన్నెముక అయింది. జువ్వలదిన్నె, కొత్తపట్నం తీరంలో మనవాళ్ళు చేపని ఉప్పేసి ఎండలో పరుస్తారే, నార్వేలో లొఫోటెన్ దీవుల్లో కాడ్ చేపని ఉప్పు కూడా లేకుండా కర్రల మీద వేలాడగట్టి ఫిబ్రవరి నుంచి మే దాకా చల్లగాలికి ఆరబెడతారు. ఎండుచేపల వాసన మధ్య పెరిగిన ముక్కుకి పొగబెట్టిన ఈల్ చేప, ఊరేసిన హెర్రింగ్ చేప అంత భయపెట్టేవి కావు, ఈ విషయంలో సముద్రం ఎరగని ఊళ్ళ వాళ్ళకన్నా మనమే తొందరగా అలవాటు పడతామని నా నమ్మకం. కూరగాయల్ని కూడా బరువులో 2 శాతం ఉప్పేసి కొన్నాళ్ళు పులియబెట్టి వాడతారు, ప్లేటులో ఒక క్యారెట్ ముక్క పుల్లగా తగిలితే పాడైందనుకోబాకండి.

ఇక హోటల్ సంగతి. పెద్ద హోటల్లో సాధారణంగా రెండు మూడు డైనింగ్ హాళ్ళు ఉంటాయి, ఒకటి పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండే మామూలు రెస్టారెంట్, మెనూలో నచ్చింది చెప్పి తినొచ్చు, ఇంకోటి టేస్టింగ్ మెనూ పెట్టేది, అది వారంలో కొన్ని రాత్రులే ఉంటది, పది పదిహేను చిన్న చిన్న కోర్సులు వాళ్ళు అనుకున్న వరసలో వస్తాయి, మీరు ఎంచుకునేది ఏమీ ఉండదు. హోటల్ పేరు చూసి బుక్ చేయబాకండి, రెస్టారెంట్ పేరు చూసి చేయండి. ఉదాహరణకి ట్రాండ్‌హైమ్‌లో 1870 నాటి బ్రిటానియా హోటల్ ఉంది, బాగు చేసి 2019లో మళ్ళీ తెరిచారు, దాంట్లో స్పైల్‌సాలెన్ అనే హాలుకి 2020లో మిషెలిన్ గైడు వాళ్ళు మంచి రెస్టారెంట్లకి ఇచ్చే స్టార్ వచ్చింది, అదే బిల్డింగులో తేలిగ్గా తినే చోట్లు వేరే ఉండాయి. స్టాక్‌హోమ్ గ్రాండ్ హోటల్ సంగతీ అంతే, 1901లో మొదటి నోబెల్ విందు జరిగింది అక్కడే, మతియాస్ డాల్‌గ్రెన్ అని 1997లో బొక్యూస్ డోర్ అనే వంటల పోటీ గెలిచిన చెఫ్ 2007లో మాట్‌బారెన్ అనే రెస్టారెంట్ మొదలుపెట్టింది ఆ హోటల్లోనే, పాతకాలపు స్వీడిష్ బఫే కావాలంటే అదే హోటల్లో వెరాండా అని ఇంకో హాలు. ఏది ఏ రోజుల్లో తెరిచుంటదో మారుతుంటది కాబట్టి పోయే ముందు వాళ్ళ సైటులో చూసుకోండి.

నా సలహా అడిగితే, మొదటిసారి పోయేవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు, నేరుగా పదిహేను కోర్సుల దానికి పోబాకండి. మూడు నాలుగు కోర్సుల సెట్ మెనూ ఉండే హాలు చూసుకోండి, నచ్చితే ఇంకోసారి పెద్దదానికి పోవచ్చు. బఫే నచ్చేవాళ్ళకి స్మోర్గస్‌బోర్డ్ అనే ఆ స్వీడిష్ బఫే మంచి మొదలు, కాకపోతే దానికీ ఒక వరస ఉంది. మన పెళ్ళి బఫే మాదిరి ఒకే ప్లేటులో అన్నీ కుప్ప పోయకూడదు, ముందు హెర్రింగ్ రకాలు ఉడకబెట్టిన బంగాళాదుంపతో, తర్వాత కొత్త ప్లేటు తీసుకుని మిగతా చల్లటి చేపలు, తర్వాత చల్లటి మాంసాలు, సలాడ్‌లు, ఆ తర్వాత వేడివి, చివర్లో స్వీట్లు. ప్రతిసారీ ప్లేటు మార్చడం అక్కడ మర్యాదే. ఆ వేడి వాటిలో యాన్సన్స్ అని ఒకటి ఉంటది, చూడ్డానికి బంగాళాదుంప, మీగడ వేసి కాల్చిన శుద్ధ శాకాహారం మాదిరి ఉంటది, లోపల ఊరేసిన చిన్న చేపలు ఉంటాయి, శాకాహారులు దాన్ని ముట్టుకోబాకండి.

ఇప్పుడు ఆ మెయిల్ విషయానికొద్దాం. "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే చాలదు. అక్కడ కొందరు చేప తినేవాళ్ళు కూడా మాంసం తినం అనే చెప్తారు. కోపెన్‌హాగన్‌లో జెరానియం అని మూడు మిషెలిన్ స్టార్‌ల రెస్టారెంట్ 2022 జనవరి నుంచి మాంసం మానేసింది, అది విని మనవాళ్ళు శాకాహారం అనుకుంటారు, కానీ చేపలు, సముద్రపు జీవులు ఉంటాయి. కాబట్టి విడివిడిగా రాయాలి, మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు, చేప గుడ్లు వద్దు, రొయ్య పీత వద్దు, చేప సాస్ వద్దు, ఎముకలతో కాచిన స్టాక్ వద్దు, జెలటిన్ వద్దు, గుడ్డు తింటారో తినరో, పాలు వెన్న పర్లేదో కాదో. చేప గుడ్లు ఎందుకు ప్రత్యేకంగా అంటే, స్వీడన్ వాళ్ళకి కాలిక్స్ అనే ప్రాంతపు చేప గుడ్లంటే ప్రాణం, నారింజ రంగులో మెరిసే ఆ పూసల్ని బంగాళాదుంప మీద, టోస్టు మీద వేసేస్తారు. జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, స్వీట్లలో వస్తది, చీజ్‌లలో కొన్ని దూడ కడుపులోంచి తీసిన, పాలు విరగ్గొట్టే రెనెట్‌తో చేస్తారు, అది కూడా పట్టింపు ఉంటే రాయండి.

మాంసం తినే మనవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది బీఫ్. చికెన్, మటన్, చేప అన్నీ తింటాం కదా ఏం రాయక్కర్లేదులే అనుకుంటారు, అక్కడ దెబ్బ తింటారు. ఈ వంటలో బీఫ్ ముక్కగా కనపడకుండా చాలా చోట్ల ఉంటది, పచ్చి మాంసాన్ని సన్నగా కొట్టి పెట్టే టార్టార్, మూలుగ, దూడ ఎముకలతో గంటలు గంటలు కాచిన స్టాక్ నుంచి చేసిన సాస్, కొన్ని చోట్ల వెన్నతో పాటు బీఫ్ కొవ్వు. చేప ముక్క కింద పోసిన నల్లటి సాస్ కూడా దూడ స్టాక్ అయ్యుండొచ్చు. అందుకని మెయిల్లో ఇట్టా రాయండి, ఇంగ్లీషులోనే: "నో బీఫ్, నో వీల్, ఇంక్లూడింగ్ స్టాక్స్, సాసెస్ అండ్ ఫ్యాట్". పంది వద్దనుకునేవాళ్ళు పోర్క్, బేకన్, లార్డ్ మూడూ రాయండి, బ్రెడ్డుతో పాటు వెన్న బదులు పంది కొవ్వు పెట్టే అలవాటు ఆ పక్క ఉంది. పచ్చి చేప, పచ్చి మాంసం వద్దంటే "నో రా ఫిష్, నో రా మీట్". కడుపుతో ఉన్న అమ్మాయి వస్తుంటే అది కూడా చెప్పండి, వాళ్ళు పచ్చివి మానేసి ఉడికించినవి పెడతారు. ఎలర్జీ వేరు, ఇష్టం లేకపోవడం వేరు, రెండూ కలిపి రాయబాకండి. యూరప్ రూల్స్ ప్రకారం 14 రకాల ఎలర్జీ పదార్థాల గురించి రెస్టారెంట్ వాళ్ళు చెప్పి తీరాలి, ఆవాలు, నువ్వులు, రొయ్య పీత జాతి, గింజలు అన్నీ దాంట్లో ఉండాయి, ఎలర్జీ అంటే కిచెన్‌లో చాకు, బోర్డు కూడా మారుస్తారు, కాబట్టి ఉల్లిపాయ నచ్చదని ఎలర్జీ అని రాయడం న్యాయం కాదు.

మెయిల్‌కి జవాబు వచ్చిందో లేదో చూసుకోండి. కొన్ని చోట్ల పూర్తి శాకాహారం, పాలు వెన్న కూడా లేని వీగన్ వంట చేయలేమని మర్యాదగా చెప్పేస్తారు, అది మంచిదే, ఇంకోటి వెతుక్కోవచ్చు. రాకపోతే ఫోన్ చేయండి, ఆ దేశాల్లో హోటళ్ళలో ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు.

రోజు ఎంచుకోవడం మనకి ఇంకో లెక్క. టేస్టింగ్ మెనూ హాళ్ళు చాలావరకు వారం చివర్లోనే, బుధవారం నుంచి శనివారం దాకా, ఇట్టా ఉంటాయి, పిల్లలు సెలవని శనివారం బుక్ చేస్తారు, తీరా అమ్మ శనివారం నీచు ముట్టదు. కార్తీక మాసం, అయ్యప్ప మాల, ఇంట్లో పట్టింపులు అన్నీ చూసుకుని తేదీ అడగండి పిల్లల్ని. బుక్ చేసేటప్పుడు చాలాచోట్ల డబ్బు ముందే కట్టాలి, లేదా కార్డు నంబరు తీసుకుంటారు, దగ్గర పడ్డాక క్యాన్సిల్ చేస్తే తిరిగి ఇవ్వరు, ఆ రూలు చదవకుండా కట్టబాకండి. మన బ్యాంకు కార్డుతో కట్టేటట్టయితే ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్ ఆన్ చేసుండాలి, ఓటీపీ ఇండియా నంబరుకి వస్తది, ఆ సిమ్ముకి రోమింగ్ లేకపోతే పేమెంటు ఆగిపోద్ది, ఇక్కడుండగానే చూసుకుంటే మేలు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట, ఇది నేను గట్టిగా చెప్తా. ఈ డిన్నర్ మూడు నాలుగు గంటలు పడతది. మొదట వచ్చేవి ఒక్కో నోటికి సరిపోయే చిరుతిళ్ళు, బ్రెడ్డు రావడానికి అరగంటో ముప్పావుగంటో పట్టొచ్చు. ఇన్సులిన్ వేసుకుని, ట్యాబ్లెట్ మింగేసి కూర్చుంటే షుగర్ పడిపోవచ్చు. ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్ని ముందే అడగండి, రెస్టారెంట్ వాళ్ళకి కూడా చెప్పండి, బ్రెడ్డు ముందే తెస్తారు, జేబులో గ్లూకోజ్ బిళ్ళలో చాక్లెట్టో ఉంచుకోండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళుంటే కౌంటర్ సీట్లు వద్దు, మామూలు టేబుల్ కావాలని మెయిల్లోనే రాయండి, ఇప్పటి హాళ్ళలో చెఫ్‌ల ఎదురుగా ఎత్తు స్టూళ్ళ మీద కూర్చోబెట్టడం ఫ్యాషన్ అయింది. చిన్నపిల్లలకి ఈ కూర్చోవడం శిక్షే, వాళ్ళని తీసుకెళ్ళాలంటే పగలు ఉండే మామూలు హాలే నయం.

టైమ్ సంగతి, మనం తొమ్మిదికి తింటాం, వాళ్ళు ఆరు, ఏడుకి కూర్చుంటారు. ఎండాకాలంలో రాత్రి పదికి కూడా వెలుతురు ఉంటది, ఆకాశం చూసి ఇంకా సాయంత్రమే కదా అని బయల్దేరితే కిచెన్ మూసేస్తారు. చెప్పిన టైముకి పోవాలి, పది నిమిషాలు లేటయితే ఫోన్ చేయాలి, టేబుల్స్ అన్నిటికీ కోర్సులు ఒక లెక్క ప్రకారం నడుస్తాయి కాబట్టి మీ లేటు ఇంకొకళ్ళ ప్లేటు మీద పడతది. ఆ రోజు మధ్యాహ్నం తేలిగ్గా తినండి, కొడుకింట్లో చేపల పులుసు దండిగా తిని పోతే ఎనిమిదో కోర్సుకి చేతులెత్తేస్తారు. బట్టలకి సూటు కోటు అక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు, చీర కట్టుకుంటే ఇంకా బాగుంటది, కాకపోతే సెంటు గట్టిగా కొట్టుకోబాకండి, ఆ వంటలో సగం రుచి వాసనలోనే ఉంటది, పొగ వాసన, ఫర్ అనే చెట్టు చిగుళ్ళ వాసన, సోంపుకి దగ్గరగా ఉండే డిల్ ఆకు వాసన, అవి సన్నగా వస్తాయి. చలికాలమైతే కోటు గుమ్మం దగ్గరే తీసుకుని తగిలిస్తారు, పాస్‌పోర్టు, మందులు కోటు జేబులో వదిలేయకుండా తీసుకోండి.

కూర్చున్నాక మొదట చిరుతిళ్ళు వస్తాయి, రాళ్ళ మీద, నాచు మీద, చెట్టు కొమ్మ మీద పెట్టి తెస్తారు. ప్లేటులో ఉన్నవన్నీ తినేవి కావు, ఏది తినాలో తెచ్చినోళ్ళు చెప్తారు, అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, అడిగితే వాళ్ళకి సంతోషమే. చాలాసార్లు వండిన చెఫ్‌లే ప్లేటు తెచ్చి ఇది ఏ చేప, ఏ తీరంలో పట్టింది, ఈ ఆకు ఎక్కడ కోసింది అని వివరిస్తారు. చేత్తో తినమంటే చేత్తోనే తినండి, మనకి అది వరం. వేడిది వచ్చిన వెంటనే తినండి, ఫోటో ఒకటి తీసుకోండి చాలు, అందరి ప్లేట్లూ కలిపి వీడియో తీసేలోపు వెన్న గడ్డకడతది.

బ్రెడ్డుని తక్కువ చేసి చూడబాకండి. ఆ భోజనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. పులియబెట్టిన పిండితో చేసిన గోధుమ బ్రెడ్డు, రై గింజలతో చేసిన నల్లటి పుల్లటి బ్రెడ్డు, దాంతో పాటు గిలక్కొట్టిన వెన్న, కొన్నిచోట్ల ఎర్రగా కాచి మళ్ళీ గడ్డకట్టించిన వెన్న, మీద ఉప్పు కల్లు. ఇంట్లో వెన్న కాచి నెయ్యి చేసేటప్పుడు అడుగున మిగిలే ఎర్రటి గసి తిన్నోళ్ళకి ఆ రుచి తెలుసు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఇస్తారు, కాకపోతే ముందు ఇంకా పది కోర్సులు ఉండాయని గుర్తుంచుకోండి.

చేప దగ్గర మనవాళ్ళు ఆగిపోతారు. నెల్లూరు చేపల పులుసు చేసేవాళ్ళకి ముక్క పూర్తిగా ఉడకాలి, పులుసు పట్టాలి, మర్నాటికి ఇంకా రుచి రావాలి. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడతది, స్కాలప్ అనే గుల్ల జీవి మాంసాన్ని పచ్చిగానో వెచ్చచేసో ఇస్తారు, సాల్మన్‌ని ఉప్పు, చక్కెర, డిల్‌తో ఒకటి రెండు రోజులు ఊరబెట్టి పలచగా కోసి పెడతారు, కాడ్ చేపని 50 డిగ్రీల దరిదాపుల్లో నిదానంగా వేడి చేస్తారు, పొరలు విడిపోతాయి గానీ మధ్యలో ఇంకా అద్దం మాదిరి ఉంటది. అది ఉడకలేదని కాదు, అట్టా ఉండాలనే వండారు. పచ్చిగా పెట్టే సముద్రపు చేపని యూరప్‌లో ముందు మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు ఉంచాలని రూలు ఉంది, పురుగులు చచ్చిపోవడానికి, వలల గూళ్ళలో మేత పెట్టి పెంచిన సాల్మన్ లాంటి వాటికి మినహాయింపు ఉంది. రొయ్యల వాళ్ళకి ఇంకో మాట, అక్కడ లాంగుస్టీన్ అని రొయ్య మాదిరిదే ఒకటి వస్తది, చల్లటి లోతు నీళ్ళలో పట్టింది, వేడి చూపించీ చూపించనట్టు వండుతారు, తియ్యగా మెత్తగా ఉంటది, వనామీ రుచితో పోల్చకుండా తినండి. అసలు పచ్చివి సయించకపోతే బలవంతంగా మింగక్కర్లేదు, ముందే చెప్పుంటే ఉడికించిందే వస్తది.

మాంసం రెయిన్‌డీర్, జింక జాతి, గొర్రె, బాతు, సీజన్ని బట్టి ఏదో ఒకటి. లోపల గులాబీ రంగులో ఉంటది, రక్తం అనిపించి ఇబ్బందైతే బాగా ఉడికించమని అడగండి, కాస్త గట్టిపడుద్ది. ఏ జంతువో అడగడం తప్పేం కాదు, పేరు అర్థం కాకపోతే ఫోన్‌లో బొమ్మ చూపించమనండి.

కారం గురించి అందరూ అడుగుతారు. మిరపకాయ కారం ఉండదు. హార్స్‌రాడిష్ అనే దుంప తురిమి వేస్తారు, ముక్కులోకి సుర్రున ఎక్కుద్ది, ఆవ ఉంటది, మిరియం ఉంటది, అంతే. బ్యాగులోంచి గోంగూర, కారప్పొడి తీసి ఆ ప్లేటు మీద వేసుకోవద్దని నా మనవి. ఒక్కో ప్లేటు రెండు మూడు ముద్దలు, దాంట్లో ఒక ఆకు వాసన, ఒక పుల్ల పండు, కొంచెం పొగ, వీటి మీదే అంతా ఆధారపడి ఉంటది, మన పొడి పడిందంటే అవన్నీ మునిగిపోతాయి. మూడు ప్లేట్ల తర్వాత నాలుక సర్దుకుంటది, అప్పుడు వెన్నలో ఉప్పు కూడా విడిగా తెలుస్తది.

తాగేదాంట్లో వైన్ పెయిరింగ్, అంటే ఒక్కో కోర్సుకి తగ్గ ఒక్కో వైన్, తీసుకుంటే బిల్లు మెనూ ధరకి రెండింతలు అయ్యే సందర్భాలు ఉండాయి, కాబట్టి తాగని వాళ్ళు మొహమాటంతో ఒప్పుకోబాకండి. జ్యూస్ పెయిరింగ్ అడగండి, ఇది ఈ రెస్టారెంట్లు బాగా పైకి తెచ్చిన పద్ధతి, యాపిల్, బెర్రీలు, బీట్‌రూట్, మూలికలు పిండి పులియబెట్టి ఒక్కో కోర్సుకి ఒక్కోటి ఇస్తారు, మంచి రుచి. కొంబుచా అనే పులియబెట్టిన టీ లాంటివాటిలో కొంచెం ఆల్కహాల్ ఉండొచ్చు, అది కూడా పనికిరాదంటే అడిగి తీసుకోండి, సాస్‌లో వైన్ సంగతి కూడా అంతే, మెయిల్లో రాయాలి. అక్వావిట్ అనే ఘాటు మందు చిన్న గ్లాసులో ఇస్తారు, షాజీరా లాంటి క్యారవే గింజల వాసన, డిల్ వాసన, కనీసం 37.5 శాతం ఆల్కహాల్ ఉంటది, తేనె రంగు చూసి షర్బత్ అనుకుని గుటుక్కున పోసుకుంటే కష్టం. కంపెనీ వాళ్ళతో పోతే స్కోల్ అని గ్లాసు ఎత్తుతారు, అప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, నీళ్ళ గ్లాసు ఎత్తినా ఎవరూ ఏమనుకోరు. పంపు నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు.

స్వీట్ అంటే మలై కాజా తియ్యదనం వెతకబాకండి. చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ, సీ బక్‌థార్న్ ఐస్, పుల్లటి క్రీము, బెర్రీలు, ఒక్కోసారి కూరగాయలు, నార్వేలో గోధుమ రంగు తియ్యటి చీజ్. సీ బక్‌థార్న్ మన లడఖ్‌లో కూడా కాస్తది, నారింజ రంగు చిన్న కాయ, నోరు గుంజుకుపోయేంత పులుపు, మామిడికాయ పులుపుతో పెరిగినోళ్ళకి ఇది గ్యారంటీగా నచ్చుద్దని చెప్తా.

ఇంత రాసి పంపినా తప్పు జరగొచ్చు, వద్దన్నది ప్లేటులో వస్తే తినేసి తర్వాత బాధపడడం, లేదా పక్కకి నెట్టేసి ఆకలితో ఉండడం రెండూ వద్దు. తెచ్చిన మనిషిని పిలిచి ఇది మేము తినమని రాశాం అని నెమ్మదిగా చెప్పండి, ఆ మెయిల్ ఫోన్‌లో చూపించండి, ప్లేటు మార్చి తెస్తారు. గట్టిగా అరవాల్సిన పని అక్కడ ఉండదు.

బిల్లులో ట్యాక్సులు కలిపే ఉంటాయి, డెన్మార్క్‌లో 25 శాతం, మెనూలో రాసిన ధరలోనే అది కూడా. టిప్పు తప్పనిసరి కాదు, కార్డు మెషిన్ టిప్పు ఎంత అని అడిగితే సున్నా నొక్కినా తప్పుగా చూడరు, బాగా చూసుకున్నారనిపిస్తే కొంత ఇవ్వండి. డెన్మార్క్, స్వీడన్, నార్వే మూడింటికీ క్రోన్లే అయినా దేనిది దానికే, ఒకదాని నోటు ఇంకోచోట లెక్కకి రాదు, స్వీడన్‌లో చాలాచోట్ల క్యాషే తీసుకోరు. అమ్మానాన్నని తీసుకెళ్ళే పిల్లలు ముందే డబ్బు కట్టేసి పోవడం మంచిది, ధర చూస్తే వాళ్ళు దాన్ని రూపాయల్లోకి మార్చి ఇక ముద్ద మింగలేరు.

రాత్రి అదే హోటల్లో ఉంటే పొద్దున బ్రేక్‌ఫాస్ట్ వదులుకోబాకండి. రై బ్రెడ్డు, కరకరలాడే క్రిస్ప్ బ్రెడ్డు, నాలుగైదు రకాల హెర్రింగ్, పొగబెట్టిన సాల్మన్, ఉడికిన గుడ్లు, ఐస్‌లాండ్ వాళ్ళ స్కిర్ అనే చిక్కటి పెరుగు, స్వీడన్‌లో అయితే యాలకుల బన్ను, వాళ్ళు యాలకులు అంత ధారాళంగా వేస్తారని పోయేదాకా మనకి తెలియదు. రాత్రి టేబుల్ మీద వద్దన్న కారప్పొడి ఇక్కడ తీయొచ్చు, ఉడికిన గుడ్డు మీద, స్కిర్‌లో ఉప్పేసుకుని, ఎవరూ ఏమనరు. శాకాహారులు ఓట్స్ జావ, చీజ్, పండ్లు, బ్రెడ్డు దగ్గరికి పోండి, అక్కడ కూడా తెల్లటి క్రీములో ముంచినవి అన్నీ బంగాళాదుంప కాదు, చెంచా పెట్టే ముందు చీటీ చదవండి.